దొరసాని సీసాలో మొగలి

పదకొండో వారం

పోయిన వారం మనం వీరవేణిని రాజుగారి లోగిలి పెరటి గుమ్మం ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, మనం మన పనుల్లో పడ్డాం గానీ ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఉప్పాడ నుంచి వేకువనే బయల్దేరి, మూడు కోసుల ఇసుకదారి నడిచి, కొంగు చాటున చిన్న మట్టిబుడ్డి పెట్టుకుని వచ్చింది. ఎందుకొచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. పల్లెకీ సముద్రానికీ మధ్య ఉన్న మొగలి పొదలన్నీ వచ్చే అమావాస్య వెళ్ళగానే నరికించి సరుగుడు తోట వేయిస్తామని దివాణం వాళ్ళు దండోరా వేయించారు. ఆ పొదలు లేకపోతే ఇసుక నిలవదు. ఇసుక నిలవకపోతే పల్లె నిలవదు. అంతకన్నా ముందు వీరవేణి బట్టీ ఆరిపోతుంది. మొగలిపూల అత్తరు తీసే ఇల్లు ఆ ఒడ్డున అదొక్కటే, ఆ బట్టీకి పూలు కోసిచ్చి బతికే ఆడవాళ్ళు ఇరవై మంది.

కాకినాడలో రాజరత్నం కొట్టు వెనక గదిలో ఆవిడ చూసిన సంగతి కూడా మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళుగా తన దగ్గర అత్తరు కొనుక్కుపోతున్న ఆ షావుకారు, దాన్ని ఓడ మీద గడ్డిపెట్టెల్లో వచ్చిన ఖాళీ గాజు సీసాల్లోకి వంపుతున్నాడు. సీసా మీద బంగారు రంగు కాగితం. కాగితం మీద విసనకర్ర పట్టుకున్న తెల్లదొరసాని. జిల్లాలో గొప్పింటి ఆడవాళ్ళందరూ ప్రాణం పెట్టే ప్యారిస్ సెంటు, వాళ్ళు ముద్దుగా 'దొరసాని సెంటు' అనేది, అదే.

అది చూసిన దగ్గర్నుంచి వీరవేణికి ఒక ఆశ పట్టుకుంది. ఆ సెంటంటే పడి చచ్చేవాళ్ళలో మొదటావిడ ఈ లోగిలి ఇల్లాలు సూర్యకాంతమ్మగారు. రాజుగారు జ్వరంతో మంచాన పడ్డాక దివాణంలో ఆవిడ మాటే చెల్లుతోంది. తాను ఒంటికి రాసుకునేది ఆ ముళ్ళపొదల పువ్వేనని తెలిస్తే ఆవిడ వాటి మీద కత్తి పడనిస్తుందా? అదీ వీరవేణి ధీమా. తన పనితనం గొప్పదైతే చాలు, అదే తనను కాపాడుతుందనుకునే వాళ్ళలో ఆవిడ ఒకతి. అలాంటివాళ్ళకి లోకం ఎప్పుడూ మంచి చెయ్యలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

పెరటి తలుపు తీసింది లోవమ్మ. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న దాసీ. వీరవేణిని కిందికీ మీదికీ చూసి ముక్కు మీద కొంగు వేసుకుంది.

"అలా గాలికి ఎదురుగా నిలబడకే. కంపు లోపలికి కొడుతుంది. ఆ నూతికి అవతల నించో."

వీరవేణి నూతి అవతలికి వెళ్ళింది. లోవమ్మకి తెలియని సంగతి ఒకటుంది. అత్తరు బట్టీ పెట్టిన ఇంట్లో, పూలు తెచ్చిన రోజు నుంచి అత్తరు తేరుకునే దాకా చేప ముట్టకూడదు. వండకూడదు, తినకూడదు, వల తాకకూడదు. మొగలి అంత చాదస్తపు పువ్వు; పక్కనున్న వాసనంతా పీల్చేసుకుంటుంది. పల్లెలో పుట్టి పల్లెలో మెట్టిన మనిషి, మగడు సత్తియ్య రోజూ పడవ నిండా చేపలు తెస్తుంటే, ఏడాదిలో అయిదు నెలలు చింతపండు చారుతో గంజి తాగుతుంది. ఇప్పటికి పదహారేళ్ళు. గంజాం వెళ్ళి ఈ విద్య నేర్చుకొచ్చిన మావగారు చనిపోతూ చెప్పిన మాట అది, ఏనాడూ దాటలేదు. అయినా ఆమె కంపు కొడుతూనే ఉంది. పల్లె మనిషి కదా.

సూర్యకాంతమ్మ వెనక వసారాలోకి వచ్చి పీట మీద కూర్చుంది. ముప్పై దాటని మనిషి. తలంటి పోసుకున్న జుట్టు ఇంకా తడిగా ఉంది. మగడి మంచం పక్కన మేలుకుని మేలుకుని కళ్ళ కింద నలుపు తేలింది. లోవమ్మ వెండి పళ్ళెంలో ముఖమల్ పెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టింది.

ఆ పెట్టె తెరవడమే ఒక తంతు. ముందు ముఖమల్ మూత. లోపల పట్టుగుడ్డ. గుడ్డ విప్పితే సీసా. పగటి వెలుగు పడగానే గాజు పలకలన్నీ ఒకేసారి మెరిశాయి. ఆ సెంట్లలో మూడు రకాలున్నాయి, ఆకుపచ్చ సీసా, నీలి సీసా, అందరికీ దక్కని బంగారు మూత సీసా. బంగారు మూతవి ఓడకి అయిదే వస్తాయని రాజరత్నం చెబుతాడు. కొట్టుకెళ్ళి అడిగితే ఇవ్వడు. "ఎవరి ద్వారా వచ్చారండి?" అంటాడు. పెద్దింటి వాళ్ళు ఎవరో ఒకరు చెప్పాలి, ఆపైన ఆరు నెలలు ఎదురుచూడాలి. ఒక జమీందారిణి పాపం ఏడాదిగా ఎదురుచూస్తూ, సూర్యకాంతమ్మ ఖాళీ చేసిన సీసా అడిగి పట్టుకెళ్ళి గూట్లో పెట్టుకుందట. ఊరికే దొరికేదైతే అది సెంటు. దొరకనంటే దొరసాని సెంటు.

వీరవేణి ఆ సీసా వంక చూస్తూ ఉండిపోయింది. అబద్ధమెందుకు, కోపం రావలసిన చోట ఆమెకి గుండె పొంగింది. మట్టిబుడ్డిలో, తాటాకు బిరడా కింద పడి ఉండే తన అత్తరు ఎంత అందమైన ఇంట్లోకి వచ్చిందో అనుకుంది. కూతుర్ని గొప్పింటికి ఇచ్చిన తల్లికి అలా ఉంటుంది కాబోలు. ఆ కూతురు తల్లిని గుర్తుపడుతుందా లేదా అన్నది తర్వాత సంగతి.

"పొదల గురించి వచ్చావట" అంది సూర్యకాంతమ్మ. "ముళ్ళకంపలే కదే అవి. పాములు తప్ప ఏముంటాయి అందులో?"

"పాముల సంగతి నాకు తెలీదండి. మా బతుకులున్నాయండి అమ్మగారు."

"సరుగుడు వేస్తే మీకే కూలి దొరుకుతుంది."

"సరుగుడు ఎదగడానికి ఆరేళ్ళు పడుతుందండి. సముద్రం ఆరేళ్ళు ఆగదు కదండి. మొన్నటి గాలివానకి మా పల్లెలో రెండు వరసల ఇళ్ళు పోయాయండి. మొగలి ఉన్న వేపు ఒక్క గుడిసె కదల్లేదండి. మీరు పెద్ద మనసు చేసుకుని..."

"దివాణం వాళ్ళు ఆలోచించకుండా చేస్తారా? మధ్యలో నేనేం చెప్పను" అని సూర్యకాంతమ్మ సీసా బంగారు మూత తిప్పి, లోపలి బిరడా తీసింది. గాజు బిరడా కొసతో చెవి వెనక ఒక్కసారి, మణికట్టు మీద ఒక్కసారి తాకించుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ కాసేపూ ఆవిడ ముఖంలో మగడి జ్వరం లేదు, నిద్రలేని రాత్రులు లేవు. ఘోషా గోడల మధ్య నుంచి మనిషి ఎక్కడికో వెళ్ళి వచ్చినట్టుంది. ఆవిడని తప్పు పట్టలేం. ఆ ఇంట్లో ఆవిడ సొంతానికి మిగిలింది ఆ సీసాడు వాసనే.

వీరవేణి ఇక ఆగలేకపోయింది.

"అమ్మగారండి, ఆ సీసాలోది నేను తీసిందేనండి."

సూర్యకాంతమ్మ కళ్ళు తెరిచింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. "విన్నావా లోవమ్మా, ప్యారిస్ ఉప్పాడలో ఉందట."

లోవమ్మ కూడా నవ్వింది. "అడిగితే చేపలబుట్ట కూడా ప్యారిస్‌దే అంటుందండి."

"నవ్వండి, నవ్వినా పర్వాలేదండి" అంది వీరవేణి. "ఒక గిన్నెలో వేణ్ణీళ్ళు తెప్పించండి. అందులో రెండు చుక్కలు వెయ్యండి. నేను సీసా ముట్టుకోనండి. అబద్ధమైతే పొదల పేరు మళ్ళీ ఎత్తను. నేనే కత్తి పట్టుకుని నరుకుతాను."

సూర్యకాంతమ్మకి అది సరదాగా తోచింది. ఆ ఇంట్లో సరదా తోచి చాలా రోజులైంది. తల ఊపింది. లోవమ్మ ఇత్తడి గిన్నెలో పొగలు కక్కే నీళ్ళు తెచ్చి వసారా అంచున పెట్టింది. సూర్యకాంతమ్మ తన చేత్తోనే రెండు చుక్కలు వేసింది.

"ఇప్పుడే వాసన చూడకండి" అంది వీరవేణి. పని మాటకొచ్చేసరికి జంకు పోయింది. "ఈ పైపై ఘాటంతా రాజరత్నంగారిదండి. ఏదో సారా, ఒక చుక్క గులాబీ నూనె. వేడికి అవి ముందే ఎగిరిపోతాయండి. నీళ్ళ మీద తేలుతోంది చూడండి, ఆ నూనె తెట్టు. అది మంచిగంధం. రాగి కాగులో పువ్వు ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టంలోంచి గంధపు నూనెలోకి దింపుతానండి. పదిహేను రోజులు రోజూ కొత్త పువ్వు, నూనె మాత్రం అదే. అందుకని అది ఎక్కడికీ పోదు. ఇప్పుడు చూడండి."

ముందు వంగింది లోవమ్మ. ముసలిదాని ముఖం ఒక్కసారి విచ్చుకుంది.

"మొగలిపువ్వండి" అంది, ఆలోచించకుండానే. "అచ్చం మొగలిపువ్వేనండి అమ్మగారు. శ్రావణమాసంలో మా అమ్మ జడలో పెట్టేది."

సూర్యకాంతమ్మ లేచి వచ్చి గిన్నె మీదికి వంగింది. చాలాసేపు అలాగే ఉంది. లేచేసరికి కళ్ళలో నీళ్ళు. భీమవరం వేపు పుట్టింట్లో, కాలవగట్టు మీది మొగలి రేకులు అమ్మ పట్టుచీరల పెట్టెలో పరిచేది. పదేళ్ళప్పుడు తాను చెయ్యి పెట్టి ముల్లు గుచ్చుకుని ఏడిస్తే, అమ్మ రక్తం తుడిచి ఆ రేకే జడలో పెట్టింది. అన్నేళ్ళు ఎరిగిన వాసన. నాలుగేళ్ళుగా రోజూ చెవి వెనక ఉంది. బంగారు కాగితం చూశాక ముక్కు ఇంక పని చెయ్యలేదు.

"మా అమ్మ బట్టల పెట్టె వాసన" అంది మెల్లగా. ఎవరితోనో కాదు, తనలో తాను.

వీరవేణి గుండె కుదుటపడింది. గెలిచాననుకుంది. పల్లెకి వెళ్ళాక ఆ ఇరవై మందికీ ఈ సంగతి ఎలా చెప్పాలో కూడా అప్పుడే అనుకుంది. చెంగు చాటున ఉన్న మట్టిబుడ్డి తీసి కానుకగా ఇద్దామని చెయ్యి పెట్టింది.

అప్పుడు లోవమ్మ ముఖం పాలిపోయింది.

"అమ్మగారండి" అంది. "మనం కార్తీకంలో ఆఖరి సోమవారం... సామర్లకోటలో... భీమేశ్వరస్వామికి..."

సూర్యకాంతమ్మ చెయ్యి చప్పున సీసా మీద పడింది.

కార్తీకంలో రాజుగారి జ్వరం తగ్గాలని ఆవిడ మొక్కుకుంది. తనకు అన్నిటికన్నా ప్రియమైనది స్వామికి ఇస్తానంది. రైలెక్కి సామర్లకోట వెళ్ళి, ఒక బంగారు మూత సీసా నిండుగా అభిషేకం నీళ్ళలో పోయించింది. చూసిన వాళ్ళు ఎంత భక్తో అన్నారు. శివుడికి మొగలి పనికిరాదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆయన ముందు దొంగసాక్ష్యం చెప్పి శాపం తిన్న పువ్వది. ఆ పువ్వు రసం తీసుకెళ్ళి ఆయన నెత్తిన పోసి, మగణ్ణి బతికించమని అడిగింది. ఆ సోమవారం తర్వాతే రాజుగారు లేచి కూర్చోవడం మానేశారు.

"నాకు తెలీదండి" అంది వీరవేణి. " ఒంటికి రాసుకుంటారనుకున్నాను గానండి, గుడికి..."

"నోరు ముయ్యి" అంది సూర్యకాంతమ్మ.

లోపలి నుంచి చేతికర్ర చప్పుడు వినబడింది. నేల మీద ఒక్కో దెబ్బా ఆగి ఆగి పడుతోంది.

"ఎవరే అక్కడ? ఎక్కడో మొగలి విచ్చినట్టుందే" అన్న గొంతు వరలక్ష్మమ్మగారిది, సూర్యకాంతమ్మ అత్తగారు. కళ్ళకి పొరలు కమ్మి మూడేళ్ళయింది. చెవులూ ముక్కూ మాత్రం ఇంకా కుర్రతనంలోనే ఉన్నాయి. "భీమేశ్వరుడంటున్నారు, మొగలంటున్నారు. ఏంటది?"

నడవా పొడవు. ముసలావిడ రావడానికి కాస్త వ్యవధి ఉంది. సూర్యకాంతమ్మ వసారా దిగి, ఇప్పటిదాకా నూతి అవతల నిలబెట్టిన మనిషికి ముఖంలో ముఖం పెట్టింది. కంపు మాట ఎవరికీ గుర్తు లేదు.

"నువ్వు చెప్పింది నిజం" అంది గుసగుసగా. "నాకు తెలిసిపోయింది. అందుకే అది అబద్ధమని నువ్వే చెప్పాలి."

వీరవేణి తెల్లబోయి చూసింది.

"పొదల కోసం కట్టుకథ అల్లానని చెప్పు. ఈ సెంటు ప్యారిస్‌దేనని చెప్పు. నీ పొదల్లో ఒక్క కొమ్మ తెగదు, నాది మాట. చెప్పలేదా, అమావాస్య దాకా కూడా ఆగను. రేపే మనుషుల్ని పంపుతాను. మగణ్ణి చంపుకుంటున్న కోడలినని ఈ ఇంట్లో అనిపించుకుని నేను బతకలేను. అర్థమైందా నీకు?"

అర్థమైంది. వీరవేణికి అంత స్పష్టంగా ఏదీ ఎప్పుడూ అర్థం కాలేదు. పదహారేళ్ళ గంజి, ముళ్ళు చీరిన చేతులు, ఆవిరికి కాలిన ముఖం, ఇవన్నీ నిజమని ఒప్పుకున్న మొట్టమొదటి మనిషి ఈవిడే. ఒప్పుకున్న నోటితోనే అవి లేవని చెప్పమంటోంది. రాజరత్నం నయం, వాడు నా పనితనాన్ని దొంగిలించాడు గానీ అది నాది కాదని నాచేత ఒట్టు పెట్టించలేదు అనుకుంది.

కర్ర గుమ్మం దగ్గర ఆగింది. వరలక్ష్మమ్మ లోవమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

"చెప్పు సూర్యకాంతం. మొన్న స్వామికి పోసింది మొగలేనా?"

"రామ రామ, అదేం మాటండి అత్తయ్యగారు" అంది సూర్యకాంతమ్మ. ఆ గొంతులో ఇందాకటి గుసగుస జాడే లేదు. "పల్లె నుంచి ఒకతి వచ్చింది. ఆ మొగలి పొదలు నరకొద్దని కథలు చెబుతోంది. దొరసాని సెంటు తనే చేసిందట. మీరే అడగండి."

"ఏ పల్లె?"

"ఉప్పాడండి పెద్దమ్మగారు" అంది వీరవేణి.

"నీ మగడు ఎక్కడే?"

"వేటకెళ్ళాడండి. తెల్లారగట్ల పడవ దింపారండి."

"ఎప్పుడొస్తాడు?"

"పొద్దుగూకేసరికండి."

ముసలావిడ తల పంకించింది. "మంచిది. మీరు శివుడి మీద ఏమైనా అంటారు, నేను నమ్మను. గంగమ్మ మీద మాత్రం మీవాళ్ళు బొంకరు. మగవాడు నీళ్ళ మీద ఉండగా అసలే బొంకరు. అక్కడ నీళ్ళేమైనా ఉన్నాయా?"

"గిన్నెలో ఉన్నాయండి" అంది సూర్యకాంతమ్మ తొందరగా. "ఉత్త వేణ్ణీళ్ళే. చేతులు కడుక్కోడానికి తెప్పించాను."

"అందులో చెయ్యి పెట్టి గంగమ్మ మీద ఒట్టేసి చెప్పు. ఆ సెంటు నీ చేతి మొగలేనా, కాదా?"

లోవమ్మ గిన్నె తెచ్చి వీరవేణి ముందు పెట్టి, తల తిప్పేసుకుంది. వీరవేణి గిన్నెలోకి చూసింది. నీళ్ళ మీద నూనె తెట్టు ఇంకా సన్నగా మెరుస్తోంది. తను తీసినదే. ఉప్పాడ వేపు తిరిగి చూసింది. ఇక్కడికి సముద్రం కనబడదు. ఈపాటికి సత్తియ్య వల లాగుతుంటాడు. సాయంత్రం పడవ ఒడ్డుకి వస్తే మొగలి పొదల సందులోంచి చూడడం ఆమెకి అలవాటు. పొదలు ఉండాలంటే ఈ మాట అనాలి. అబద్ధపు ఒట్టు వేస్తే పడవ వస్తుందో రాదో గంగమ్మకే తెలియాలి. ఆ ఇరవై మంది ముఖాలు ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఒక ముఖమైతే ఎంత బాగుండేదో అనిపించింది. ఒక్కటైతే కాదనగలిగేది.

చెయ్యి నీళ్ళలో పెట్టింది. వేడికి అరచెయ్యి చురుక్కుమంది.

"గంగమ్మ తల్లి మీద ఒట్టండి" అంది. తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "ఆ సెంటు నేను చెయ్యలేదండి. అందులో మొగలి లేదండి. నాకు అసలు అత్తరు తియ్యడమే రాదండి."

ఆ ఆఖరి మాట ఎవరూ అడగలేదు. నోరు తనంతట తాను అనేసింది. అన్నాక వీరవేణి లోపల ఏదో ఆరిపోయింది. వెనక సూర్యకాంతమ్మ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

వరలక్ష్మమ్మ కర్ర పోటేసుకుంటూ రెండడుగులు ముందుకు వేసి, ముడతలు పడ్డ చెయ్యి గాలిలో చాపింది.

"ఉత్త వేణ్ణీళ్ళే కదా" అంది. "అయితే ఆ తడిచెయ్యి తుడుచుకోకుండా ఇలా తే. ఒకసారి నా ముక్కు దగ్గర పెట్టు."